సగం గబ్బిలం ఎందుకు దొరకలేదంటే

నాకు అర్థమైనంతవరకు మీ ప్రశ్న ఇది. తిమింగలం కాళ్ల మీద నడిచిన రోజుల శిలాజాలు ఉన్నాయి, పక్షికి సరీసృపానికీ పక్షికీ మధ్య దశగా చూపించే ఆర్కియోప్టెరిక్స్ ఉంది, గుర్రానికైతే వరసపెట్టి ఉన్నాయి. మరి గబ్బిలానికి మాత్రం చేతికీ రెక్కకీ మధ్యలో ఉన్న జంతువు ఎందుకు దొరకలేదు, దొరికిన మొదటి గబ్బిలమే ఎగిరే గబ్బిలమైతే అది ఎలుక నుంచి ఒక్కసారిగా ఊడిపడిందా? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా వేశారు, ఆన్‌లైన్‌లో రాతి పలక మీద గబ్బిలం అస్థిపంజరం అమ్మకానికి పెట్టారు, కొనొచ్చా అని. అదీ చెప్తాను, కానీ ఆఖర్లో.

సూటిగా చెప్పాలంటే, అవును, మధ్య దశ జంతువు ఇంతవరకు దొరకలేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత పూర్తి అస్థిపంజరాలు సుమారు 5.2 కోట్ల ఏళ్ల నాటివి, అవి అప్పటికే రెక్కలాడించి ఎగురుతున్నాయి. అలాగని అవి ఇప్పటి గబ్బిలాలే అనుకుంటే పొరపాటు, దగ్గరగా చూస్తే చెట్లెక్కిన పాత బతుకు వాటి ఎముకల్లో ఇంకా కనిపిస్తుంది. ఎలుకతో దగ్గరి చుట్టరికం అసలు లేదు. ఇక మధ్య దశ సంగతి అంటారా, దాని పన్ను ఎప్పుడో, ఎవరి చేతికో దొరికే ఉంటుందని నా అనుమానం. గుర్తుపట్టే దారి మనకు లేదు, అదీ చిక్కు. ఈ మాట ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ముందు ఈ శిలాజాలు ఎలా దొరుకుతాయో చెప్పాలి.

నేను ఇరవై ఏళ్లకు పైగా చిన్న జంతువుల శిలాజాల మీదే పనిచేస్తున్నాను. డైనోసార్ తొడ ఎముక పక్కన నిలబడి ఫొటో దిగే రకం పని కాదు ఇది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు కదా, మాది అక్షరాలా అదే, ఇంకా చెప్పాలంటే ఎలుక కూడా కాదు, ఎలుక పన్ను. బస్తాల కొద్దీ బంకమట్టి తెచ్చి బాగా ఎండబెడతాం, కిరోసిన్‌లో నానబెడతాం, కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తే మట్టి తనంతట తానే విచ్చుకుంటుంది. దాన్ని అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో కడిగి, మిగిలిన ఇసుకను ఆరబెట్టి, చిన్న పళ్లెంలో పలచగా పరిచి, మైక్రోస్కోప్ కింద తడి బ్రష్ కొసతో ఒక్కో రేణువునీ పక్కకు జరుపుతూ కూర్చోవాలి. పాతకాలపు గబ్బిలం దవడ పన్ను పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అటూ ఇటూ. ఆవగింజంత అన్నమాట. ఓసారి నా వెనక ఎవరో పాపం ఉక్కగా ఉందని ఫ్యాన్ వేశారు, మధ్యాహ్నమంతా ఏరి పెట్టుకున్నవి గది నేల మీదికి పోయాయి, ఆ సాయంత్రం ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని టార్చి లైటుతో నేలంతా వెతికాం. మూడు పళ్లు దొరికాయి, మిగతావి చీపురుకు వెళ్లిపోయి ఉంటాయి.

పళ్లే ఎందుకంటే గబ్బిలంలో మిగిలేది దాదాపు అదొక్కటే. ఒళ్లంతా పలచటి ఎముకలు, వేలి ఎముకలైతే మరీ గడ్డిపరకల్లా ఉంటాయి. పైగా ఇవి ఎక్కువగా బతికింది వేడి, తేమ నిండిన అడవుల్లో. అక్కడ చచ్చిన చిన్న జంతువును పురుగులు రోజుల్లో తినేస్తాయి, మిగిలిన ఎముకను పులుపెక్కిన అడవి నేల కరిగించేస్తుంది. తిమింగలంతో పోలిక అన్యాయం అనేది ఇందుకే. దాని ఎముకలు దుంగల్లా ఉంటాయి, చచ్చి పడేది మట్టి నిలకడగా పేరుకునే సముద్రంలో. గబ్బిలానికి ఆ రెండు అదృష్టాలూ లేవు. పంటి మీది ఎనామెల్ ఒక్కటే గట్టిది, అదే మాకు దిక్కు.

ఆ పళ్లు చెప్పే కథ చిన్నదేం కాదు. పోర్చుగల్‌లోని సిల్వైరిన్యాలో, చైనా షింజియాంగ్‌లోని జుంగర్ లోయలో (దీని సంగతి 2021లో బయటపెట్టారు, ఆల్టాయ్‌నిక్టెరిస్ అని పేరు పెట్టిన జంతువుకు ఆధారం మొత్తం కలిపి రెండే రెండు పళ్లు), ఆస్ట్రేలియాలోని మర్గాన్‌లో, మన గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గనిలో, అన్నిచోట్లా సుమారు 5.4 నుంచి 5.6 కోట్ల ఏళ్ల నాటి గబ్బిలం పళ్లు బయటపడ్డాయి. వస్తాన్ నుంచి 2007లో ఒకేసారి ఏడు జాతుల్ని వర్ణించారు. ఒక్క గనిలో ఏడు. అంటే అప్పటికే ఇవి కొత్తగా పుట్టిన జంతువులు కావు, రకరకాలుగా చీలిపోయి ప్రపంచం నాలుగు మూలలా స్థిరపడ్డాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత దూరాలు పాకాయంటే ఎగిరే ఉంటాయి, ఎగరడం అంతకన్నా ముందే వచ్చి ఉండాలి. డీఎన్‌ఏ తేడాల్ని బట్టి లెక్కగట్టేవాళ్లు గబ్బిలాల వంశం మిగతా క్షీరదాల నుంచి విడిపోయాక, ఇప్పుడున్న గబ్బిలాల మొదటి చీలిక సుమారు 6.4 కోట్ల ఏళ్ల కిందట జరిగిందని అంచనా వేశారు, అంటే డైనోసార్లు పోయిన 6.6 కోట్ల ఏళ్ల గీత దాటిన కొద్ది కాలానికే. ఈ అంచనాలు అధ్యయనాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి దశాంశాల మీద మరీ ఒట్టు పెట్టుకోకండి. మొత్తానికి మనకు కనపడని కాలం ఇంచుమించు ఒక కోటి ఏళ్లు. మీరు అడిగిన సగం గబ్బిలం ఆ చీకట్లోనే ఎక్కడో ఉంది.

ఇక నా అనుమానం దగ్గరికి వస్తాను. పన్ను చూసి తిండి చెప్పొచ్చు, చుట్టరికం కొంత చెప్పొచ్చు, రెక్క ఉందో లేదో మాత్రం చెప్పలేం. పురుగులు తినే చిన్న జంతువుల పళ్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, పురుగు పెంకును కత్తిరించడానికి మొనలు, గట్లు. గబ్బిలం కింది దవడ పన్నును పట్టించేవి రెండు మూడు చిన్న గుర్తులు. వెనకవైపు ఉండే బుల్లి మొన ఒకటి నాలుక వైపుకు జరిగి ఉంటుంది, చెంప వైపు పన్ను అడుగున మందపాటి గట్టు ఒకటి ముందు నుంచి వెనకదాకా చుట్టి ఉంటుంది. ఇవి కూడా గబ్బిలం గబ్బిలమయ్యాక స్థిరపడ్డ గుర్తులు. దాని ముత్తాతకు, చెట్ల మీద పాకుతూ కొమ్మ నుంచి కొమ్మకు దూకుతున్న రోజుల్లో, ఇవి ఉన్నాయో లేదో! లేకపోతే ఆ పన్ను నా బ్రష్ కొసకు తగిలినా నేను దాన్ని చుంచెలుక లాంటివి వేసే డబ్బాలో వేసి మూత పెట్టేస్తాను.

వేశాను కూడా. మధ్య దశ పన్ను అని చెప్పను, మామూలు గబ్బిలం పన్నే. పని కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో ఒక కింది దవడ పన్నును, కాస్త అరిగింది, పురుగుతిండి జంతువు అని చీటీ రాసి పెట్టాను. మూడేళ్లు అలాగే ఉంది. తర్వాత వేరే పని మీద వచ్చిన ఒక పెద్దాయన ఊరికే డబ్బా తెరిచి, ఆ పన్నును మైనం ముద్ద మీద కొద్దిగా వాల్చి పెట్టి, దీపాన్ని పక్కకు జరిపి "గట్టు కనపడుతోందా?" అన్నారు. కనపడింది. పై నుంచి వెలుగు పడితే లేని గట్టు పక్క నుంచి పడేసరికి నీడతో సహా లేచి నిలబడింది. మూడేళ్ల తప్పు దీపం జరిపితే పోయింది. అప్పటినుంచి ఏ పన్నునైనా నాలుగు వైపుల నుంచి వెలుగు వేసి చూడనిదే చీటీ రాయను.

ఇది నా ఒక్కడి చేతగానితనం అనుకోకండి. కెన్యాలో దొరికిన ప్రొపొట్టో అనే జంతువు కథ వినండి. మయోసీన్ కాలం (సుమారు రెండు కోట్ల ఏళ్ల కిందటి) దవడ ముక్కలు, పళ్లు. 1967లో జార్జ్ గేలార్డ్ సింప్సన్, ఆ శతాబ్దపు శిలాజశాస్త్ర మహామహుల్లో ఒకాయన, దాన్ని లోరిస్ (దేవాంగపిల్లి) కుటుంబంలోని చిన్న ప్రైమేట్, అంటే కోతుల గుంపు జంతువు అన్నారు. 1969లో అలన్ వాకర్ చూసి కాదు, ఇది పండ్లు తినే గబ్బిలం అన్నారు. ఆ మాట దాదాపు యాభై ఏళ్లు నిలిచింది, పండ్ల గబ్బిలాలకు ఆఫ్రికాలో పాత శిలాజం ఉందని అందరూ దాన్నే చూపించేవాళ్లు. 2018లో గ్రెగ్ గన్నెల్ బృందం మళ్లీ పరిశీలించి, ఇది గబ్బిలం కాదు, మడగాస్కర్‌లో ఉండే ఐ-ఐ అనే లెమూర్‌కు చుట్టం అని తేల్చింది. గన్నెల్ అంటే జీవితమంతా గబ్బిలాల శిలాజాల మీద పెట్టిన మనిషి, ఆ పత్రం వచ్చేనాటికి ఆయన లేరు. ఒక గబ్బిలాల నిపుణుడే తమ జాబితాలోంచి ఒక గబ్బిలాన్ని కొట్టేశాడన్నమాట, నాకు అది భలే నచ్చుతుంది. ఇటు లెమూర్ అరశతాబ్దం గబ్బిలంగా చలామణీ అయినప్పుడు, అటు గబ్బిలం ముత్తాత ఇంకేదో పేరుతో ఏ డబ్బాలోనో పడి ఉండటంలో ఆశ్చర్యం ఏముంది?

సరే, పళ్లు పక్కన పెడితే, పూర్తి అస్థిపంజరాలు ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి. అడుగున ఆక్సిజన్ లేని నిశ్చలమైన సరస్సులు, సన్నటి బురద. పైన ఎగురుతూ పడిపోయింది అలాగే మునిగి, తినేవాడు లేక, పొరల మధ్య పువ్వులా నొక్కుకుపోయింది.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని గ్రీన్ రివర్ పొరలు అలాంటివే. అక్కడి నుంచి 1966లో గ్లెన్ జెప్సెన్ ఇకారోనిక్టెరిస్‌ను వర్ణించారు. చాలాకాలం ఇదే అతి పాత గబ్బిలం. ఇది చూసినవాళ్లంతా మీలాగే అడిగారు, ఇది పూర్తి గబ్బిలమే కదా, ముందుది ఏది అని. చిన్న తేడా ఒకటి అప్పుడే కనిపించింది, దీని చూపుడు వేలికి కూడా గోరు ఉంది. ఇప్పటి గబ్బిలాల్లో ఎక్కువ వాటికి గోరు బొటనవేలికే ఉంటుంది, పండ్ల గబ్బిలాల్లో చాలావాటికి చూపుడు వేలికి కూడా.

అసలు మలుపు 2008లో. నాన్సీ సిమన్స్, మిగతావాళ్లు అదే పొరల నుంచి ఒనికోనిక్టెరిస్‌ను ప్రకటించారు. పేరుకు అర్థమే గోళ్ల గబ్బిలం. ఐదు వేళ్లకీ గోళ్లున్నాయి. ఇంత పెద్ద రెక్క మోస్తున్న చేతికి ప్రతి వేలి చివరా గోరు ఎందుకు, పట్టుకుని పాకడానికి కాకపోతే? చేతులు మిగతా గబ్బిలాలతో పోలిస్తే పొట్టి, వెనక కాళ్లు పొడవు. చేతికీ కాలికీ ఉన్న నిష్పత్తిని గీసి చూస్తే ఇది ఒకవైపు మిగతా గబ్బిలాలకీ, ఇంకోవైపు చేతుల బలంతో కొమ్మలకు వేలాడుతూ కదిలే, ఎగరని జంతువులకీ మధ్యలో పడుతుంది. వెడల్పైన, పొట్టి కొసల రెక్క కాబట్టి కాసేపు రెక్కలాడించి, కాసేపు గాల్లో జారుతూ ఎగిరి ఉంటుందని వాళ్ల అంచనా. మీరు అడిగిన సగం గబ్బిలం ఇది కాదు, ఎగిరేది కాబట్టి. ముప్పావు గబ్బిలం అనుకోవచ్చేమో. పరిణామంలో అన్నీ ఒకేసారి మారవు, వేళ్లు పొడవయ్యాయి, గోళ్లు ఇంకా పోలేదు, ఇది ఆ మధ్యలో ఆగిన ఫొటో.

దాన్నే పట్టుకుని ఇంకో పెద్ద గొడవ మొదలైంది. ఎగరడం ముందా, శబ్దం వదిలి దాని ప్రతిధ్వనితో దారి తెలుసుకోవడం ముందా? గుడ్డు ముందా కోడి ముందా లాంటిదే, కాకపోతే దీనికి జవాబు దొరికే ఆశ ఉంది. ప్రతిధ్వనితో వేటాడే గబ్బిలాలకు లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం, కాక్లియా, పుర్రెతో పోలిస్తే బాగా పెద్దది. ఒనికోనిక్టెరిస్‌కు అది చిన్నది. కాబట్టి ముందు ఎగరడం వచ్చింది, ప్రతిధ్వని తర్వాత వచ్చింది అన్నారు సిమన్స్ వాళ్లు. 2010లో ఇంకో బృందం స్కానింగులు తీసి వేరే గుర్తు పట్టుకుంది. గొంతుతో ప్రతిధ్వని వాడే గబ్బిలాల్లో గొంతు దగ్గరి నుంచి వచ్చే ఒక సన్నటి ఎముక, స్టైలోహయాల్ అంటాం, చెవి పక్క ఎముకకు అతుక్కుని ఉంటుంది. ఒనికోనిక్టెరిస్‌లో కూడా అది అతుక్కునే ఉండొచ్చు కాబట్టి దీనికీ ఆ విద్య వచ్చి ఉండొచ్చు అన్నారు వాళ్లు. అతుక్కుని లేదు, నొక్కుకుపోయి ఒకదాని మీద ఒకటి పడి అలా కనిపిస్తోంది అని మొదటివాళ్లు బదులిచ్చారు. నొక్కుకుపోయిన పుర్రెలతో వచ్చే తంటా ఇదే. అప్పడంలా అయిపోయిన తలలో ఏ ఎముక దేన్ని తాకిందో వాదించుకోవడం తప్ప తేల్చుకోవడం కష్టం. నేను ఈ విషయంలో ఎగరడమే ముందు అనేవాళ్ల వైపు, కానీ కారణం ఆ నమూనా కాదు. కూర్చుని ఉన్న జంతువు గట్టిగా అల్ట్రాసౌండ్ (మన చెవికి అందని సన్నటి అరుపు) వదలాలంటే బోలెడు శక్తి ఖర్చవుతుంది, ఎగిరేటప్పుడు రెక్క కొట్టే లయతో పాటే ఊపిరి కూడా బయటికి వస్తుంది కాబట్టి అరుపు దాదాపు ఉచితం. జాన్ స్పీక్‌మన్ 1990ల మొదట్లోనే కొలిచి చూపించిన సంగతి ఇది. రెక్క లేనిదానికి ఆ విద్య గిట్టుబాటు కాదని నాకనిపిస్తుంది.

2023లో ఈ గొడవకు ఒక మంచి సాక్షి వచ్చింది. ఫ్రాన్స్‌లో కెర్సీ ప్రాంతపు సున్నపురాతి గుహ మట్టిలో వీలాసియా అనే గబ్బిలం, సుమారు 5 కోట్ల ఏళ్లది. పుర్రె నొక్కుకుపోకుండా గుండ్రంగా అలాగే ఉంది! లోపలి చెవి కొలతలు ఇప్పటి ప్రతిధ్వని గబ్బిలాలకు సరిపోయాయి. ఇది ఇప్పుడున్న గబ్బిలాలన్నిటి కుటుంబానికి కాస్త బయట, పక్కింట్లో ఉన్న జంతువు, కాబట్టి ఆ విద్య అప్పటికే, కుటుంబం మొదలవ్వకముందే ఉందన్నమాట. ఆ గుహలో ఒకటి కాదు, చాలా గబ్బిలాల ఎముకలు కలిసి ఉన్నాయంటే గుహల్లో గుంపులుగా ఉండే అలవాటు కూడా అంత పాతదే. అదే ఏడాది గ్రీన్ రివర్ నుంచి ఇంకో కొత్త జాతిని కూడా ప్రకటించారు, ఇకారోనిక్టెరిస్ గన్నెల్లి, పైన చెప్పిన గన్నెల్ పేరు మీదే. ఇప్పటికి తెలిసిన గబ్బిలం అస్థిపంజరాల్లో అదే పాతది.

జర్మనీలోని మెస్సెల్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. సుమారు 4.7 కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వత బిలంలో ఏర్పడ్డ సరస్సు. నూనె రాయి కోసం తవ్విన గనిని తర్వాత చెత్తతో పూడ్చేద్దామనుకున్నారు, గొడవలయ్యాక మానుకున్నారు, 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ రాయిలో నీరు ఎంత ఎక్కువంటే బయటికి తీసి వదిలేస్తే ఎండి బీటలుబారి శిలాజంతో సహా పొడైపోతుంది. అందుకని ఒకవైపు శుభ్రం చేసి, రెజిన్ అనే జిగురు ద్రవం పోసి, గట్టిపడ్డాక పలకను తిరగేసి, రెండోవైపు రాయిని చెక్కేస్తారు. చివరికి గబ్బిలం తేనె రంగు పలకలో తేలుతున్నట్టు ఉంటుంది. అక్కడ వందల కొద్దీ గబ్బిలాలు దొరికాయి, రెక్క పొర నీడలతో, కొన్నిటికి పొట్టలో తిన్న తిండితో సహా. పేలియోకైరోప్టెరిక్స్ అనే చిన్నదాని పొట్టలో చిమ్మటల రెక్కల మీది పొలుసులు ఉన్నాయి, అంటే అది చెట్ల మధ్య కిందుగా ఎగురుతూ రాత్రిపూట వేటాడింది. హాసియానిక్టెరిస్ పెద్దది, పెంకు పురుగుల్లాంటివి తిని కాస్త ఎత్తుగా ఎగిరేది. 2015లో వీటి బొచ్చులోని రంగు రేణువుల్ని, మొదట్లో బాక్టీరియా అనుకున్నవాటిని, పరీక్షించి ఈ రెండూ గోధుమ రంగువని చెప్పారు. ఐదు కోట్ల ఏళ్ల నాటి గబ్బిలం రంగు తెలిసింది కానీ దాని తాత ఎలా ఉండేదో తెలియదు, మా శాస్త్రం పరిస్థితి ఇదీ.

ఎలుక సంగతి త్వరగా ముగిస్తాను. డీఎన్‌ఏ ప్రకారం గబ్బిలానికి దగ్గర చుట్టాలు గుర్రం, కుక్క, తిమింగలం, అలుగు ఉన్న గుంపు. ఎలుక ఉన్నది మనుషులున్న గుంపులో. అంటే ఎలుక గబ్బిలానికన్నా మీకే దగ్గర, కోపం తెచ్చుకోకండి. 1986లో జాక్ పెట్టిగ్రూ కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాల అమరిక చూసి పెద్ద పండ్ల గబ్బిలాలు మన కోతి జాతి చుట్టాలని, చిన్న గబ్బిలాలు వేరని వాదించారు. అంటే ఎగరడం రెండుసార్లు పుట్టిందని. గట్టి వాదనే, నేను చదువుకునేటప్పుడు దాని గురించి ఇంకా కొట్టుకునేవాళ్లు. డీఎన్‌ఏ దాన్ని పడగొట్టడమే కాదు, ఎవరూ అనుకోనిది కూడా చూపించింది: గొంతుతో ప్రతిధ్వని వాడని పండ్ల గబ్బిలాలు, ఆ విద్యలో ఆరితేరిన గుర్రపునాడా గబ్బిలాలు ఒకే కొమ్మ మీద ఉన్నాయి. కాబట్టి పండ్ల గబ్బిలాల పూర్వీకులు ఆ విద్యను పోగొట్టుకున్నాయి, లేదా అది రెండు కొమ్మల్లో విడివిడిగా పుట్టింది. వీలాసియా వచ్చాక మొదటిదే బలంగా ఉందని నా లెక్క.

మరి చెయ్యి రెక్కగా అంత త్వరగా మారుతుందా? ఇక్కడ శిలాజాలు చెప్పని ముక్కను పిండాలు చెప్పాయి. 2006లో క్యారెన్ సియర్స్ బృందం చూపించిందేమిటంటే, గబ్బిలం పిండంలో వేళ్లు మొదట ఎలుక పిండం వేళ్లలాగే ఉంటాయి, తర్వాతే ఒక్కసారిగా సాగుతాయి. ఆ సమయంలో బీఎంపీ2 అనే ప్రొటీన్ గబ్బిలం చేతివేళ్లలో ఎక్కువ. ఇలాంటి ప్రొటీన్‌ను బయటి నుంచి అందిస్తే పిండం వేళ్లు ఇంకా పెరిగాయి. అంటే కొత్త ఎముకలు పుట్టనక్కర్లేదు, ఉన్న వేళ్ల పెరుగుదలను నడిపే మీటను ఎక్కువ తిప్పితే చాలు. వేళ్ల మధ్య పొర కూడా కొత్తది కాదు, పిండంలో మనకీ ఉంటుంది, తర్వాత మాయమవుతుంది, వాటికి మాయమవదు. దీని వల్ల రెక్క రాత్రికి రాత్రి వచ్చిందని అనను, తరాల తరబడి పట్టిన పనే. కానీ లక్షల ఏళ్లలో జరిగిపోయిన మార్పును ఆవగింజంత పళ్లతో, అడవి నేలలో పట్టుకోవాలనుకోవడం ఎంత ఆశో మీరే చూడండి.

ఒక హెచ్చరిక. దొరకలేదు కాబట్టి ఇలాగే ఉండి ఉంటుంది అని గట్టిగా బొమ్మ గీసేవాళ్లను నమ్మకండి. ముందు చెట్ల మధ్య జారే దశ, తర్వాత రెక్కాడించే దశ అన్నది చాలామంది ఒప్పుకునే ఊహ, నేనూ ఒప్పుకుంటాను, ఒనికోనిక్టెరిస్ దానికి సరిపోతుంది, కానీ ఊహే. అలాంటి జంతువు దొరికితే పన్నుతో పాటు మోచేయి కీలు దగ్గరి ఎముకో, ఒక పొడవాటి వేలి ఎముకో అదే పొరలో దొరకాలి. అందుకే ఇప్పుడు నేను జల్లెడలో పళ్లకన్నా భుజం నుంచి మోచేయిదాకా ఉండే ఎముకల విరిగిన కొసల్నే ముందు ఏరుతున్నాను. డైనోసార్లు పోయాక వచ్చిన మొదటి కోటి ఏళ్ల అడవి పొరలైతే మరీను. పాత చుంచెలుకల డబ్బాలు కూడా ఒక్కొక్కటీ మళ్లీ తెరుస్తున్నాను, దీపం పక్కకు పెట్టి.

ఇక ఆన్‌లైన్ పలక. గ్రీన్ రివర్ చేపలు లెక్కలేనన్ని దొరుకుతాయి, గబ్బిలం మాత్రం చాలా అరుదు, చేప ధరకు గబ్బిలం ఇస్తామంటే అనుమానించండి. ఫొటో పెద్దది చేసి చూడండి. మూడో వేలు అన్నిటికన్నా పొడవుగా ఉందా, బొటనవేలు పొట్టిగా గోరుతో విడిగా ఉందా, మోచేయి నుంచి మణికట్టుదాకా బలంగా కనిపించే ఎముక ఒకటేనా (రెండోది గబ్బిలాల్లో బాగా సన్నబడిపోతుంది)? కుడి ఎడమలు అద్దంలో పెట్టినట్టు ఒకేలా ఉంటే ఎవరో చెక్కారు లేదా గీశారు, చచ్చి పడిన జంతువు అంత పొందికగా పడదు. అమ్మేవాళ్లను చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు కింద తీసిన ఫొటో ఒకటి అడగండి, రంగు వేసిన చోటు, జిగురు పెట్టిన చోటు ఎముక కన్నా వేరేగా మెరుస్తాయి. ఆ ఫొటో ఇవ్వడానికి సాకులు చెప్తుంటే వదిలేయండి. ఇస్తే ఇక్కడ పెట్టండి, వేళ్లు నేను లెక్కపెడతాను.